పచ్చిక పసుపెక్కితే ముందు నేలను చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక తోటపని పేజీలో పచ్చిక పెంపకం మీద ఈమధ్య వచ్చిన సలహాలు చదివాను. గడ్డి పసుపెక్కితే యూరియా చల్లమని, వారం వారం నేలకు ఆనేలా పొట్టిగా కోయమని, కలుపు కనిపించగానే మందు కొట్టమని రాశారు. ఈ మూడూ చేస్తే కొద్ది రోజుల్లోనే పచ్చిక ముదురు ఆకుపచ్చగా మెరుస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఆ తర్వాత ఏమవుతుందో ఆ పేజీలో లేదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక చిన్నపిల్లల బడిలో తోట చూసుకుంటాను. మా దగ్గర పచ్చిక చూసి మురిసిపోవడానికి పెంచుకున్నది కాదు. పిల్లలు దాని మీదే కూర్చుంటారు, దొర్లుతారు, పడతారు. మరీ చిన్నవాళ్లయితే పరక పీకి నోట్లో పెట్టుకుంటారు. ఎంతమంది టీచర్లు కాపలా ఉన్నా ఆ పని ఆగదు. అందుకని పచ్చిక మీద ఏది వేయాలన్నా, ఇది పిల్లవాడి నోట్లోకి వెళ్లినా ఫర్వాలేదా అని ముందు ఆలోచిస్తాను. అలా ఆలోచిస్తే అంగడిలో దొరికే మందుల్లో చాలావరకు వద్దనే అనిపిస్తాయి. అవి లేకుండా పచ్చిక బతుకుతుందా అని చాలామంది అడుగుతారు. బతుకుతుంది, ఇంకా గట్టిగా బతుకుతుంది. ఎందుకంటే పచ్చికలో మనకు కనిపించే జబ్బుల్లో ఎక్కువ భాగం నేలలో ఉన్నవి, లేదా మనం కోసే తీరు, నీళ్లు పెట్టే తీరు వల్ల వచ్చినవి. వాటిని అలాగే ఉంచి పైన ఎన్ని చల్లినా మళ్లీ మళ్లీ చల్లాల్సిందే.

ముందు కోత గురించి చెబుతాను. పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగింది అదే. గడ్డి కొస నుంచి పెరగదు, మొదలు నుంచి పెరుగుతుంది. పెరిగే కణాలు నేలకు ఆనుకుని ఉంటాయి కాబట్టే పశువు మేసినా, మనం కోసినా మళ్లీ లేస్తుంది. అలాగని ఎంత పొట్టిగా కోసినా ఏమీ కాదనుకోకూడదు. ఆకే ఆ మొక్కకు తిండి తయారుచేస్తుంది. సగానికి మించి ఆకును ఒక్కసారే తీసేస్తే కింద వేళ్ల పెరుగుదల కొన్నాళ్లు ఆగిపోతుంది. వారం వారం అలా కోస్తూ పోతే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. రెండు రోజులు నీళ్లు లేకపోతే చాలు, గడ్డి మాడిపోతుంది. అప్పుడు మనం ఎండను తిడతాం.

అందుకే మూడో వంతు లెక్క పెట్టారు. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకూడదు. పచ్చిక 4 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలనుకుంటే అది 6 సెంటీమీటర్లకు రాగానే కోయాలి. బాగా పెరిగే రోజుల్లో ఇది వారానికి రెండుసార్లు కావచ్చు, పెరగని రోజుల్లో నెలకోసారి కూడా అక్కర్లేకపోవచ్చు. వారం చూసి కాదు, గడ్డి ఎత్తు చూసి కోయాలి. గరిక జాతి గడ్డికి 3 నుంచి 4 సెంటీమీటర్లు, కొరియన్ గ్రాస్‌కు 3 నుంచి 5 వరకు చాలు. వెడల్పాకు గడ్డికి 6 నుంచి 8 ఉంచాలి. చలి ప్రాంతాల్లో పెంచే ఫెస్క్యూ రకాలకైతే 7కు తగ్గకూడదు. ఎండలు ముదిరినప్పుడు, చెట్టు నీడ పడే చోట ఇంకొంచెం ఎత్తు వదిలితే మంచిది. ఎత్తుగా ఉన్న గడ్డి తన నేలకు తానే నీడ పడుతుంది. తేమ నిలుస్తుంది, కలుపు గింజలకు వెలుతురు అందదు.

మోవర్ బ్లేడు పదును కూడా చూసుకోవాలి. కోసిన మర్నాడు పచ్చిక మొత్తం తెల్లబారినట్టు ఉంటే వంగి ఒక పరక కొసను చూడండి. అది నున్నగా తెగి ఉండాలి. పీచులు పీచులుగా చిరిగి ఉంటే ఆ తెలుపు జబ్బు కాదు, మొద్దుబారిన బ్లేడు చేసిన గాయం. చాలామంది దాన్ని తెగులు అనుకుని మందు కొట్టించడం నేను చూశాను.

కోసిన గడ్డిని ఊడ్చి బయట పారేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. అందులో ఎక్కువ భాగం నీరే. మిగిలిన ఎండు బరువులో మాత్రం సుమారు 4 శాతం నత్రజని, దాంతోపాటు పొటాషియం ఉంటాయి. ఆ ముక్కలను అక్కడే వదిలేస్తే పచ్చికకు ఏడాదికి కావలసిన నత్రజనిలో దాదాపు పావు వంతు దానంతటదే సమకూరుతుంది. నేలలో నుంచి వచ్చిన బలాన్ని సంచుల్లో కట్టి బయట పడేసి, మళ్లీ బలం కోసం సంచులు కొనుక్కుంటున్నాం. ఈ ముక్కలు పేరుకుని నేల మీద మందమైన పొర కడుతుందని ఒక భయం ఉంది. ఆ పొర కట్టేది ఆకు ముక్కలు కాదు, తొందరగా కుళ్లని కాడలు, పాకే తీగలు, వేళ్లు. ఆకు ముక్కలను సూక్ష్మజీవులు, వానపాములు త్వరగానే తినేస్తాయి. మూడో వంతు లెక్క పాటిస్తే ముక్కలు చిన్నవే పడతాయి, గడ్డి మధ్యలోకి జారిపోతాయి. చాలా పెరిగాక కోయాల్సి వచ్చి కుప్పలు పడితే మాత్రం ఎత్తి కంపోస్టు గుంటలో వేయండి. కుప్ప కింద గడ్డికి ఊపిరాడదు.

ఆ మందమైన పొర సంగతి ఇంకో మాట. సెంటీమీటరు లోపు ఉంటే అది మంచిదే, కాలికి మెత్తగా ఉంటుంది, తేమ కాపాడుతుంది. అంతకుమించి పెరిగితే నీళ్లు కిందికి దిగవు, వేళ్లు నేలలోకి పోకుండా ఆ పొరలోనే తిరుగుతాయి. యూరియాతో విపరీతంగా పెంచిన పచ్చికలో ఈ పొర ఎక్కువగా కడుతుంది. కుళ్లబెట్టే జీవులను శిలీంధ్రనాశక మందులు కూడా తగ్గిస్తాయి. ఒక మందు తెచ్చిన చిక్కును ఇంకో మందు ముదరబెడుతుంది.

ఇక నేల. మామూలు స్క్రూడ్రైవర్ తీసుకుని, తడి ఉన్న నేలలో చేత్తో గుచ్చండి. సులువుగా దిగితే సరే. రెండు అంగుళాలకే ఆగిపోతే నేల గట్టిపడిందని అర్థం. మా బడి లాంటి చోట, రోజూ పిల్లల కాళ్ల కింద నలిగే పచ్చికకు ఇది తప్పదు. గట్టిపడిన నేలలో గాలి ఉండదు. గాలి లేకపోతే వేళ్లూ బతకవు, వానపాములూ ఉండవు. అలాంటి నేల మీద ఎంత ఎరువు వేసినా వాన వచ్చినప్పుడు కాలవ పాలే. నేల తడిగా, గడ్డి జోరుగా పెరుగుతున్న రోజుల్లో గొట్టపు పళ్లున్న పనిముట్టుతో 5 నుంచి 7 సెంటీమీటర్ల లోతున మట్టి బిళ్లలు బయటికి తీయాలి. ఉత్త మేకులు గుచ్చితే మట్టి పక్కకు ఒత్తుకుని ఇంకా గట్టిపడుతుంది, మట్టి బయటికి రావాలి. తీసిన బిళ్లలను అక్కడే ఆరనిచ్చి చిదిపేస్తే సరిపోతుంది.

ఆ గుంటలు తీసిన వెంటనే కంపోస్టు పరిస్తే దానికి మించిన సేవ లేదు. అర సెంటీమీటరు మందం చాలు. వంద చదరపు మీటర్లకు అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్ల కంపోస్టు పడుతుంది. జల్లెడ పట్టి, చల్లి, చీపురుతో గడ్డి మధ్యలోకి తోసేయాలి. చివర్లో గడ్డి కొసలు పైకి కనిపిస్తూ ఉండాలి. అవి కనిపించకుండా కప్పేస్తే కింద గడ్డి చచ్చిపోతుంది. నాకు ఈ పని చాలా ఇష్టం. ఆ రోజు పచ్చిక మురికిగా కనిపిస్తుంది, తల్లిదండ్రులు వచ్చి ఇదేమిటని అడుగుతారు. కొన్ని వారాలకు నేల మీద వానపాముల మట్టి ఉండలు కనపడటం మొదలవుతుంది. అప్పటి నుంచి నేను చేయాల్సిన పనిలో సగం అవే చేసిపెడతాయి.

కంపోస్టు అంటే బాగా చివికినది. పచ్చి పేడ, సగం కుళ్లిన పశువుల ఎరువు దయచేసి పచ్చిక మీద వేయకండి. అందులో కలుపు గింజలు బతికే ఉంటాయి. గడ్డి వేళ్లు కొరికే తెల్లటి వేరుపురుగులు పెంకుపురుగుల పిల్లలే, ఆ పెంకుపురుగులు వెతుక్కుంటూ వచ్చి అందులో గుడ్లు పెడతాయి. పిల్లలు తిరిగే చోట రోగక్రిముల భయం కూడా ఉంది. కంపోస్టు కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలవాలి, మధ్యమధ్యలో తిరగేయాలి. అప్పుడే గింజలు, క్రిములు చస్తాయి. మాగిన ఎరువు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా ఉంటుంది, వాన పడిన మట్టి వాసన వస్తుంది. ఘాటు వాసన వస్తుంటే ఇంకా కాలేదన్న మాట.

యూరియా విషయానికి వస్తాను. అందులో 46 శాతం నత్రజని. పచ్చికకు ఒక విడతలో చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని దాటకూడదంటారు. లెక్క వేస్తే 11 గ్రాముల యూరియా, రెండు మూడు టీ చెంచాలు. చేత్తో గుప్పెడు తీసి విసిరేవాళ్లు ఎన్ని రెట్లు వేస్తున్నారో ఊహించుకోవచ్చు. అంత నత్రజని ఒకేసారి అందితే ఆకు పరుగెడుతుంది, వేరు వెనకబడుతుంది. ఆకు లేతగా, నీరు పట్టి ఉంటుంది కాబట్టి పురుగుకూ బూజు తెగుళ్లకూ తేలిగ్గా లొంగిపోతుంది. గడ్డి వాడుకోలేనిది నీళ్లలో కరిగే నైట్రేటుగా మారి నీళ్లతో కిందికి, భూగర్భ జలంలోకి దిగిపోతుంది.

కంపోస్టు, వర్మీ కంపోస్టు, వేపపిండి లాంటివి అలా ఒక్కసారి ఇచ్చేయవు. సూక్ష్మజీవులు వాటిని తింటూ ఉంటే నత్రజని కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. నేల వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు ఆ జీవులు చురుగ్గా ఉంటాయి, గడ్డికి ఆకలి వేసేదీ అప్పుడే. వేపపిండిలో నత్రజని 2 నుంచి 5 శాతమే అయినా, నత్రజని నైట్రేటుగా మారే వేగాన్ని అది తగ్గిస్తుంది. అందువల్ల ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఆముదపు పిండి మంచి ఎరువే, కానీ సరిగా వేడి చేయని పిండిలో రిసిన్ అనే విషం మిగిలి ఉంటుంది. ఆ వాసనకు కుక్కలు తవ్వుకుని తింటాయి, ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట దాన్ని వాడకండి. సేంద్రియం అన్నంత మాత్రాన ప్రతిదీ చల్లదగినది కాదు. కలుపు మీద ఉప్పు చల్లమనే చిట్కా కూడా ఇలాంటిదే. ఉప్పు కలుపుతో ఆగదు, నేలనే చెడగొడుతుంది.

ఇవేవీ కొనే ముందు ఒకసారి మట్టి పరీక్ష చేయించాలి. పచ్చికలో అక్కడక్కడ 10 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, అందులో కొంత పంపితే చాలు. నేల పులుపు, క్షార గుణాలను చెప్పే ఉదజని సూచిక (pH) 6 నుంచి 7 మధ్య ఉంటే గడ్డికి హాయి. అది బాగా పెరిగిన నేలలో ఇనుము ఉన్నా గడ్డికి అందదు, ఆకు పసుపెక్కుతుంది. ఆ పసుపు యూరియాతో పోదు. మీ పేజీలో పసుపంటే యూరియా అని రాయడం నాకు నచ్చకపోవడానికి ఇదే పెద్ద కారణం. నీళ్లు నిలిచినా పసుపే, వేరుపురుగు కొరికినా పసుపే, నీడ ఎక్కువైనా పసుపే.

నీళ్ల సంగతి. రోజూ సాయంత్రం పైపుతో పైపైన తడపడం చాలామందికి అలవాటు. వేళ్లు తేమ ఉన్న చోటికే పోతాయి. పైన రెండు సెంటీమీటర్లే తడిస్తే వేళ్లూ అక్కడే ఉంటాయి. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. తెల్లవారుజామున, ఎక్కువగా, తక్కువ సార్లు పెట్టాలి. ఎండాకాలపు పెరుగుదలలో ఉన్న గడ్డికి వానతో కలిపి వారానికి 2.5 సెంటీమీటర్ల నీరు సరిపోతుంది, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. స్ప్రింక్లర్ కింద సమానంగా ఉండే డబ్బాలు నాలుగైదు పెట్టి, ఎంతసేపటికి ఎంత నిండిందో స్కేలుతో కొలిస్తే మీ లెక్క మీకు తెలుస్తుంది. బంకమట్టి అయితే నీళ్లు ఒకేసారి తాగలేదు, విడతలుగా పెట్టాలి. ఇసుక నేలలో మాత్రం వారం నీటిని రెండు భాగాలు చేయాలి. పచ్చిక మీద నడిచి వెనక్కి చూడండి. అడుగుజాడలు అలాగే ఉండిపోయి, గడ్డి నీలిబూడిద రంగుకు తిరిగితే దాహం వేసిందన్న మాట. అంతదాకా ఆగొచ్చు.

కలుపులో తుంగ గురించి చెప్పకపోతే ఉత్తరం పూర్తికాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా ఉంటుంది, గడ్డికి అలా ఉండదు. దాని ప్రాణం పైన లేదు, కింద గొలుసులా అల్లుకున్న గడ్డల్లో ఉంది. పైన పీకితే కింద గడ్డ మళ్లీ మొలక పంపుతుంది. అలాగని విసుగు పడి వదలకూడదు. ప్రతి మొలకా ఆ గడ్డలో దాచుకున్న తిండిని ఖర్చు పెట్టిస్తుంది. ఆకులు పెరిగి, తిరిగి తిండి దాచి, కొత్త గడ్డలు కట్టే లోపే తీసేస్తూ ఉంటే అది క్రమంగా నీరసిస్తుంది. వాన తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు సన్న గునపంతో గడ్డతో సహా తవ్వి తీయాలి. ఇంకో సంగతి, తుంగకు నీడ గిట్టదు. పచ్చిక దట్టంగా, తగినంత ఎత్తుగా ఉంటే దానికి వెలుతురు అందదు. పొట్టిగా కోసి, నేల కనిపించేలా ఉంచి, తుంగ పోవడం లేదనుకోవడం వల్ల లాభం లేదు. నీళ్లు నిలిచే చోట తుంగ ఎక్కువగా ఉంటే ముందు ఆ నీరు పోయే దారి చూడాలి.

కలుపు అనుకునేవన్నీ కలుపు కావు. తెల్ల క్లోవర్ అనే మూడాకుల చిన్న మొక్కను 1940ల దాకా పచ్చిక విత్తనాల మిశ్రమంలో కావాలనే కలిపేవారు. అది గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. 2,4-డి అనే కలుపుమందు వచ్చాక, అది గడ్డి జాతి కాని వెడల్పాకు మొక్కలన్నిటితోపాటు క్లోవర్‌ను కూడా చంపేది కాబట్టి క్లోవర్ కలుపుల జాబితాలో చేరింది. మందు చంపిందని మొక్క చెడ్డదైపోయింది.

వేరుపురుగు ఉన్నప్పుడు పచ్చిక చేత్తో లాగితే చాపలా చుట్టుకుని లేచి వస్తుంది, పక్షులు అదే పనిగా పొడుస్తుంటాయి. మందు ఆలోచన రాకముందు 30 సెంటీమీటర్ల చదరం కోసి, ఎత్తి, కింద ఉన్న తెల్లటి పురుగులను లెక్కపెట్టండి. నాలుగైదు ఉంటే ఆరోగ్యమైన గడ్డి తట్టుకుంటుంది. పది దాటితే పని పెట్టుకోవాలి. ఈ పురుగులను వెతికి లోపలికి దూరి చంపే మేలు చేసే నులిపురుగులు (నెమటోడ్లు) నేలలో ఉండే రకాలు ఉన్నాయి. వాటిని నీళ్లలో కలిపి, ఎండ తగ్గాక, తడి నేల మీద పోయాలి, ఎండకు అవి బతకవు. పురుగు పిల్లగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తాయి. మెటారైజియం అనే బూజు కూడా ఉంది. పెంకుపురుగుల పిల్లల మీద దాన్ని 1879లోనే మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త ప్రయోగించి చూశారు. ఆయనకే తర్వాత 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇవి నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ పద్ధతులు కావు.

ప్రభుత్వాలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. కెనడాలో హడ్సన్ అనే చిన్న ఊరు 1991లో అందం కోసం వాడే తోట మందులను ఆపుతూ నియమం పెట్టుకుంది. మందులు కొట్టే సంస్థలు కోర్టుకెళ్తే, 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు ఊరి పక్షానే నిలిచింది. ఫ్రాన్స్ 2017లో పార్కుల్లో, 2019లో ఇంటి తోటల్లో రసాయన పురుగుమందులు ఆపింది. అక్కడి పార్కుల్లో పచ్చిక లేకుండా పోలేదు కదా.

ఒక మాట దాచకుండా చెప్పాలి. యూరియాకు అలవాటుపడిన పచ్చిక, అది ఆపగానే కొన్నాళ్లు పాలిపోతుంది. సేంద్రియ పద్ధతి ఫలితం కనిపించడానికి ఒకటి రెండు సీజన్లు పడుతుంది. ఆ మధ్యకాలంలోనే చాలామందికి టెన్షన్ వచ్చి మళ్లీ పాత సంచి విప్పుతారు. ఆ సమయంలో కొత్తగా ఏదీ కొనకుండా కోత ఎత్తు, నీళ్ల పద్ధతి, కంపోస్టు ఈ మూడింటినే పట్టుకుని ఉండమని నా మనవి. చెట్ల కింద రోజుకు నాలుగు గంటల ఎండైనా పడని చోట గడ్డి కోసం పోరాడటం మానేసి, నీడలో పెరిగే మొక్కలు పెట్టుకోండి.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. మీ తోటపని పేజీ చదివి ఆ సాయంత్రమే చల్లేవాళ్లు ఉంటారు. కాబట్టి యూరియా అని రాసినప్పుడు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో రాయండి. కలుపుమందు పేరు రాసినప్పుడు, కొట్టాక ఎంతసేపు పిల్లలను, జంతువులను అక్కడికి రానివ్వకూడదో డబ్బా మీద ఉన్న సూచన చూసి అదే వరుసలో వేయండి. వచ్చే సంచికల్లో ఒకదాన్ని కంపోస్టు తయారీకి కేటాయించండి. వేరుపురుగు ఉన్న పచ్చిక, మొద్దు బ్లేడుతో కోసిన పరక, తుంగ గడ్డల గొలుసు ఇవన్నీ దగ్గర నుంచి తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. మీకు పనికొస్తాయంటే సంతోషంగా పంపిస్తాను.

ఇట్లు,
బడి తోట చూసుకునే ఒక పాఠకురాలు